మర్యాదగల జబ్బు

బుధవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా అక్క మొగుడు. మా హోసూరు దగ్గర బేరిగైలో ఉంటాడు. టమాటా పండిస్తాడు, గులాబీలు పండిస్తాడు, వాటికంటే విస్తారంగా సలహాలు పండిస్తాడు.

"మావాడికి కామాలెప్పా," అన్నాడు.

మావాడంటే ఆయన కొడుకు, నా మేనల్లుడు. హోసూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు పని. కామాలె అంటే పచ్చకామెర్లు. మా వైపు ఆ జబ్బును అలాగే పిలుస్తాం.

"కండ్లు పచ్చగా ఉండాయా బావా?" అని అడిగాను.

"కొంచిం."

"రక్తం పరీక్ష చేయించినారా?"

"అదంతా ఏమిటికి? తినేదే లేదు. పొద్దు మునిగినా పనుకొనే ఉంటాడు. ఎవురితోను మాట్లాడడు. పనికి పోయేది నిలిపేసినాడు. కామాలె కాకుంటే ఇంకేమి? ఆదివారం సూళగిరి అవతల పసరాయన దగ్గరికి పిల్చుకొని పోతాండాము. నువ్వూ రావల్ల. నీకు ఆయప్పే కదా బాగు చేసినాడు. నువ్వు చెప్తే వాడు ఇంటాడు."

ఇంకొకరు చెప్పి ఉంటే పాపం అనుకునేవాణ్ణి. కానీ ఈ మనిషి, ఇదే మనిషి, మా ఇంటి హాల్లో, నా కళ్లముందే కూర్చుని, నాకోసం కామెర్లను ఎంపిక చేశాడు. లేని జబ్బును నాకు అంటగట్టిన రోజు ఆయన కాఫీ తాగుతున్నాడు, నేను ఎదురుగా గోడకు ఆనుకుని ఉన్నాను. ఆ అబద్ధం పుట్టినప్పుడు మంత్రసానిగా ఉన్నవాడు, ఇప్పుడు ఆ బిడ్డనే చంకనెత్తుకొచ్చి నాకు కొత్తగా పరిచయం చేస్తున్నాడు. గొంతులో తొణుకు లేదు.

ఫోన్ పెట్టేశాక నాకు మిగిలింది భయం కాదు, కోపం. ఆదివారం లోపల నేనేదో ఒకటి చేయకపోతే మావాడి నోట్లో పసరు పోస్తారు, ముంజేతి మీద వాత పెడతారు, అసలు జబ్బును మాత్రం భద్రంగా వాడిలోనే ఉంచి ఇంటికి తీసుకొస్తారు. ఈ దారిలో నేను ముందే పోయి వచ్చాను. రావడం గ్యారంటీ లేని దారి అది.

నాకు వచ్చినప్పుడు అదేమిటో నాకే తెలియదు. తెలుగు, తమిళం, కన్నడం, ఫ్యాక్టరీ ఇంగ్లీషు, ఇన్ని భాషల్లో తప్పులు మాట్లాడగలను కానీ దానికి ఒక్క భాషలోనూ పేరు దొరకలేదు. నా ఉద్యోగం బండ్లకు వేసే చిన్న చిన్న రింగుల కొలత చూడడం. 'గో', 'నో-గో' అని రెండు వైపులున్న గేజ్ ఒకటి ఉంటుంది. ఒక వైపు రింగులో దూరాలి, ఇంకో వైపు దూరకూడదు. అంతే. ఆ పనిలో ఆలోచించేది ఏమీ లేదని నా పై అధికారి అంటాడు, అందుకే నన్ను వేశాడని కూడా అంటాడు. ఆ రోజుల్లో మాత్రం నేనే మొత్తంగా నో-గో. ఫ్యాక్టరీ స్టాండులో బండి నిలిపి, హెల్మెట్ తీయకుండా అలాగే కూర్చుండిపోయేవాణ్ణి. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను వచ్చి, "ఏమి సార్, లోపల కూడా యాక్సిడెంట్ అవుతుందని భయమా?" అని నవ్వేవాడు. నాకు నవ్వూ వచ్చేది కాదు, కోపమూ వచ్చేది కాదు. హెల్మెట్ తీయడానికి చేతులు రెండూ పైకెత్తాలి. అంత పని ఎలా చేయడమా అని చూస్తూ ఉండేవాణ్ణి.

అది దుఃఖం కాదు. దుఃఖమైతే కన్నీళ్లన్నా ఉండేవి. మా పక్క ఎండిపోయిన బోర్లు ఉంటాయి చూడండి, మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, పైపులోంచి గాలి తప్ప ఏమీ రాదు. అలా ఉండేవాణ్ణి.

సలహాలకు కొదవ లేదు. "నీకేమి తక్కువప్పా?" అన్నాడు బావ. "సొంతిల్లు, పర్మనెంటు ఉద్యోగం, చెప్పినట్లు వినే పెండ్లాము." చివరిది ఆయన ఊహ. నాకేమీ తక్కువ కాకపోవడమే నా మీద నేరమైంది. ఏదో ఒకటి పోగొట్టుకుని ఉంటే బాధపడే హక్కు వచ్చేదేమో. "బేజారయితే బజారుకు పోయి రా, మనుషుల్ని చూస్తే సరిపోతాది" అని కూడా ఆయనే అన్నాడు. మనోవ్యాధికి మందు లేదని మా అమ్మ అంది. ఉందని, అది ఫలానా షాపులో సాయంత్రం దొరుకుతుందని ఫ్యాక్టరీ మిత్రులు అన్నారు. మనసు గట్టి చేసుకో అని అందరూ అన్నారు. నా మనసు అప్పటికే గట్టిపడి రాయైపోయింది, నా జబ్బే అది. ఆ రాయిని ఇంకా గట్టి చేయమంటారు!

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే జిల్లా మొత్తానికి హెచ్చరిక ఇస్తారు, బడులకు సెలవిస్తారు, టీవీలో మ్యాపు పెట్టి ఎటు కదులుతోందో చూపిస్తారు. మనిషిలో ఏర్పడితే లేచి స్నానం చేయమంటారు. ఆ అల్పపీడనంలో పీడనం ఉంది కానీ, అల్పం ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు.

నా భార్య ఒక్కతే సలహా ఇవ్వలేదు. ఆమె కూడా షిఫ్టుల్లో పనిచేస్తుంది, ఎలక్ట్రానిక్ సామాను బిగించే ఫ్యాక్టరీలో. ఎక్కడో విచారించి కృష్ణగిరిలో ఒక మనోవైద్యురాలు ఉందని తెలుసుకుంది. హోసూరు జనం పెద్ద జబ్బేదైనా బెంగళూరుకు పరుగెత్తుతారు, కాబట్టి బెంగళూరు బస్సెక్కితే ఎవరో ఒక చుట్టం పక్కసీట్లో ఉంటారు. మేం దాక్కోవడానికి ఎదురు దిక్కున బయలుదేరాం. జబ్బు చేసినవాడు దొంగలా దారి మార్చుకుని పోవడం, అదీ ఆసుపత్రికి! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పుడది తెలివైన పనిగా తోచింది.

ఆ డాక్టరమ్మ తమిళంలో మాట్లాడింది, మధ్యమధ్యలో నాకోసం నాలుగు తెలుగు మాటలు వేసింది. ఇది జబ్బు, నీ సోమరితనం కాదు, నీ చేతకానితనం కాదు అంది. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో ఏమీ తేడా తెలియదు అంది. బాగైందని నువ్వుగా ఆపకూడదు, బాగుకాలేదని కూడా నువ్వుగా ఆపకూడదు, ఆపేటప్పుడు నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను అంది. వచ్చిన ప్రతిసారీ కూర్చుని మాట్లాడాలని కూడా అంది. ఫ్యాక్టరీల వాళ్లకు సెలవు ఉండేది అప్పుడేనని ఆదివారం పొద్దున కూడా చూస్తుంది. అంత మామూలుగా ఉంది ఆ గది. గోడకు క్యాలెండరు, బల్ల మీద నీళ్ల సీసా. నేనేదో గొలుసులూ కరెంటు వైర్లూ ఊహించుకుని పోయాను.

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు, ఒక పొద్దున దోసె తింటూ, "చట్నీలో ఉప్పెక్కువైంది" అన్నాను. నా భార్య గరిట పెనం మీదే వదిలేసి వచ్చి, "ఏమన్నావు? మళ్లీ చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా కాపురంలో నేను పెట్టిన వంకకు ఆమె సంతోషించింది ఆ ఒక్కసారే.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే లేదు. కానీ నేను లీవులో ఉన్నాను. చుట్టాలు అడగడం మొదలుపెట్టారు. ఏమని చెప్పాలన్నది నిర్ణయించడానికి మా హాల్లో సభ కూడింది. అమ్మ, అక్క, బావ. నా భార్య కాఫీ ఇస్తూ నిలబడింది. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. సభకు కారణం నేనే అయినా నాకు ఓటు లేదు.

"నిజం చెప్తే అయిపోయె," అన్నాడు బావ. "పిచ్చోడంటారు. రేపు మావాడికి సంబంధాలు చూడల్ల. మేనమామకు పిచ్చి అంటే పిల్లనెవురిస్తారు?"

"పిచ్చి కాదన్నా," అంది నా భార్య.

"నాకు తెలుసమ్మా. ఊరికి తెలవద్దా?"

"గుండెనొప్పి అందామా?" అంది అమ్మ.

"గుండె అంటే కంపెనీలో పని తీసేస్తారు."

"షుగరు?"

"అది అందురికీ ఉండాది. దానికి లీవెవురిస్తారు?"

"టైఫాయిడు అంటే?" అంది అక్క.

"అది శానా దినాలుండదే."

"మొలలు అనండి," అన్నాను నేను. "ఎవురూ చూపించమనరు."

ఎన్నో నెలల తర్వాత నేను వేసిన మొదటి జోకు అది. నా భార్య తప్ప ఎవరూ నవ్వలేదు. సంబంధం చూసినంత శ్రద్ధగా జబ్బును చూస్తున్నారు వాళ్లు. వంశం మంచిదేనా, నలుగురిలో చెప్పుకోవచ్చా, మన అంతస్తుకు తగినదేనా అని.

"కామాలె!" అన్నాడు బావ, తొడ మీద చరుచుకుని. "తిండి పోదు, పనుకోనే ఉండల్ల, నీరసం, ఎవురితోను మాట్లాడబుద్ధి కాదు. అంతా సరిపోయింది చూడు. నీళ్లతో వచ్చేది, మన తప్పు లేదు. పెద్దపెద్దోళ్లకు వస్తాది."

అందరి ముఖాలూ తేటపడ్డాయి. మర్యాదగల జబ్బు దొరికింది. పచ్చకామెర్లన్న పచ్చి అబద్ధం అలా మా ఇంట్లో కాలు పెట్టింది.

వాళ్లెవరూ ఆలోచించని సంగతి ఒకటుంది. మర్యాదగల జబ్బుకు మర్యాదలు జరుగుతాయి. మూడో కంటికి తెలియకూడని జబ్బుతో ఉన్నంతకాలం మా గుమ్మం తొక్కనివాళ్లు, కామెర్లనగానే ఎళనీరు బోండాలు పట్టుకుని బారులు తీరారు. బేరిగై నుంచి, అత్తిముగం నుంచి చెరుకు ముక్కలు, ముల్లంగి, కట్టలు కట్టలుగా నేలఉసిరి ఆకు. వచ్చిన ప్రతి మనిషీ నా కింది రెప్పను బొటనవేలితో లాగి, లోపలికి తొంగి చూసి, "ఇంకా పచ్చగానే ఉండాదమ్మా" అని అమ్మకు తీర్పు చెప్పిపోయేవారు. ఒక్కరికన్నా నా కన్ను తెల్లగా కనిపించలేదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. నా విషయంలో లోకానికే కామెర్లు.

నూనె లేదు, కారం లేదు, ఉప్పు లేదు. కామెర్ల పత్యం. అప్పుడప్పుడే ఉప్పు రుచి తెలుస్తున్న నాలుక మీద చప్పటి గంజి పోశారు. నేను తినకపోతే, "చూడు, కామాలెకు ఇట్లే ఉంటాది" అనేవారు. అమ్మ మొదట్లో చుట్టాల ముందు మాత్రమే నేలఉసిరి నూరేది. తర్వాత ఎవరూ లేనప్పుడు కూడా నూరడం మొదలుపెట్టింది. వాళ్లు కట్టిన అబద్ధంలోకి వాళ్లే కాపురానికి వచ్చేశారు.

ఒక ఆదివారం బావ నాకూ అమ్మకూ వ్యాన్ తెచ్చాడు. నా భార్యకు ఆ రోజు ఓవర్‌టైం షిఫ్టు. సూళగిరి అవతల కామాలెకు మందిచ్చే ఆయన ఉన్నాడని, ఇంతమంది చెప్పాక పోకుంటే అనుమానం వస్తుందని అన్నాడు. లేని జబ్బుకు మందు తాగకపోతే, ఉన్న జబ్బు బయటపడుతుంది! ఈ తర్కం విని కూడా నేను లేచి చొక్కా వేసుకున్నాను. ఎందుకు ఎదురు చెప్పలేదని ఇప్పుడు అందరూ అడుగుతారు. కాలు విరిగినవాణ్ణి ఎందుకు పరుగెత్తలేదని అడిగినట్టు. వద్దు అనడానికి కూడా కొంత మనిషి మిగిలి ఉండాలి. ఆ జబ్బు ముందుగా తినేది అతన్నే.

పసరాయన చెడ్డవాడేమీ కాదు. మర్యాదగా మాట్లాడాడు, చాప వేశాడు. అందరిలాగే రెప్ప లాగి చూశాడు. "బాగా ముదిరిపోయిండాది," అన్నాడు. మేకపాలలో పసరు కలిపి తాగించాడు. తర్వాత అమ్మవైపు తిరిగి, "ఇంగ్లీషు మందేమన్నా ఇస్తాండారా? నా మందు కడుపులో ఉండగా అది పడితే విషమవుతాది. నిలిపేయల్ల," అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత సంచీలోంచి, వేళకు వేయడానికని తెచ్చిన నా మాత్రల కవరు తీసింది. లోపల డాక్టరమ్మ చీటీ కూడా ఉంది. వెళ్లి పెంటదిబ్బలో వేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆమెకు అది నాకోసం చేసిన పని. నా బాగు కోరే చేసింది. నా కోపానికి ఇప్పటికీ ఊపిరాడనిది ఇక్కడే. ద్వేషంతో చేసి ఉంటే ద్వేషించి ఊరుకునేవాణ్ణి.

అప్పటికే ఇనుప కడ్డీ నిప్పుల్లో ఎర్రగా కాలుతోంది. బావ నా భుజాలు పట్టుకున్నాడు. ముంజేతి మీద పెట్టారు. ఎన్నో వారాలుగా ఏదీ నన్ను అంత స్పష్టంగా తాకలేదు. కేక కూడా స్పష్టంగానే వచ్చింది. "చూసినావా, కామాలె దిగతాండాది," అన్నాడు బావ.

సాయంత్రం నా భార్య షిఫ్టు నుంచి వచ్చింది. కట్టు చూసింది. అలమార తెరిచి చూసింది.

"మాత్రలేవత్తా?"

"పారేసినానమ్మా. పత్యం."

"ఏమి పత్యం? ఆయనకు కామాలె యాడుండాది? మీరే కదత్తా ఈ హాల్లో కూర్చోని కామాలె అని పేరు పెట్టినారు!"

"ఉండాదేమో!" అంది అమ్మ. "చూసినోళ్లంతా కండ్లు పచ్చగా ఉండాయంటాండారు. అందురూ అబద్ధం చెప్తారా?"

నా భార్య మందుల షాపుకు పరుగెత్తింది. మాత్రలు మళ్లీ కొనబోతే, చీటీ లేకుండా ఇవ్వనన్నాడు మందుల షాపతను. అది సరైన పనే. వచ్చే ఆదివారం కృష్ణగిరికి పోదామంది.

ఆదివారం దాకా జబ్బు ఆగలేదు. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని డాక్టరమ్మ చెప్పిందే. తల తిరిగింది, నిద్ర పట్టలేదు, తర్వాత ఆ పాతది వచ్చింది. ఈసారి వెంట ఒక ఆలోచనను కూడా తెచ్చుకుంది. ఒక మధ్యాహ్నం నా భార్య అనపకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా, "నేను లేకుంటే మీకందరికీ తేలికే కదా," అన్నాను. నాకది బాధగా తోచలేదు, లెక్క సరిగ్గా కుదిరినట్టు తోచింది. ఆ జబ్బు అంత నమ్మకంగా అబద్ధమాడుతుంది. మా బావ దాని ముందు దిగదుడుపు.

ఆమె లేచింది. ఒడిలోని గింజలన్నీ నేలపాలయ్యాయి. ఒలిచిన అనపగింజ ఒకటి జారిపడితే ఏరుకునే మనిషి, వాటిమీద నుంచే నడిచిపోయి నా చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. అమ్మకు చెప్పలేదు. చీర మార్చుకోలేదు. నా చెయ్యి వదలకుండా బస్టాండుకు నడిపించింది.

కృష్ణగిరి బస్సు నిండుగా ఉంది. ముందు సీట్లోంచి బేరిగై ఆయన, బావకు తెలిసినాయన, వెనక్కి తిరిగాడు.

"ఏమప్పా, కామాలె తగ్గిందా? యాడికి, మళ్లీ పసరుకేనా?"

నేను తల ఊపబోయాను. నా భార్య నోరు తెరిచింది.

"కామాలె కాదన్నా. ఆయనకు కామాలె రానే లేదు. మనసుకు జబ్బు. డాక్టరు దగ్గరికి పోతాండాము."

చుట్టుపక్కల నాలుగు సీట్లవాళ్లు మావైపు తిరిగారు. ఆయన గొంతు తగ్గించాడు. "సుమ్నే ఊరుకోమ్మా. అట్లాంటివి బస్సులో చెప్పుకోకూడదు."

"కామాలె అయితే చెప్పుకోవచ్చునా?"

"అది వేరే కదమ్మా."

"ఎట్ల వేరే? చెప్పన్నా. అది ఈయన ఒంట్లో రాలేదా, పక్కింటాయన ఒంట్లో వచ్చిందా?"

ఆయన ముందుకు తిరిగిపోయాడు. సూళగిరిలోనే దిగిపోయాడు. అక్కడ ఆయనకు పని ఉందో లేదో నాకు తెలియదు.

డాక్టరమ్మ మొదట కట్టు విప్పింది. పుండు చీము పట్టింది. దాన్ని కడిగి మందు వేసింది. తర్వాత, "నేను రాసిన మందు ఆపిందెవరు?" అంది.

"ఊరు," అంది నా భార్య.

చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని డాక్టరమ్మ నన్ను నేరుగా అడిగింది. అలా అడిగితే లేనివాడికి కూడా కొత్తగా పుడుతుందని జనం భయపడతారు. నాకు పుట్టినదల్లా ఏడుపు. ఒకరు అడిగారు, ఇక నేనొక్కణ్ణే మోయనక్కర్లేదు అన్న ఏడుపు. మందు మళ్లీ మొదలైంది. కొంతకాలం ఒంటరిగా వదలొద్దని నా భార్యకు చెప్పింది. కోలుకోవడానికి మొదటిసారికంటే ఎక్కువకాలం పట్టింది. కానీ కోలుకున్నాను.

పేరు ఎవరికొచ్చిందో చెప్పాలా? పసరాయనకు. నేను అడిగిన ప్రతివాడికీ నిజం చెప్పాను, అడగనివాళ్లకు కూడా చెప్పాను. "నాకు కామెర్లు లేవు, డిప్రెషన్, మాత్రలతో తగ్గింది" అన్నాను. విన్నవాళ్లు జాలిగా నన్ను చూసి, పక్కకుపోయి, "పాపం, కామాలె తలకెక్కిండాది" అనుకున్నారు. పసరాయన దగ్గరికి మా ఊళ్ల నుంచి జనం ఇంకా ఎక్కువగా పోసాగారు. అందులో ఎందరికి నిజంగా కామెర్లో, ఎందరికి మా ఇంటి కామెర్లో నాకు తెలియదు. నిజమైన కామెర్లవాళ్లకైనా అది ఆసుపత్రిలో చూపించుకోవలసిన జబ్బే. ఇదంతా కడుపులో ఉన్నప్పుడు వచ్చింది బుధవారం ఫోన్.

మావాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తే అక్క ఎత్తింది. వంటింట్లోకి పోయి తలుపు మూసుకున్నట్టుంది, గొంతు గుసగుసగా ఉంది.

"అది కామాలె కాదురా. నాకు తెలుసు. నిన్ను చూసినాను కదా."

"బావకు చెప్పు."

"సంబంధమొకటి కుదిరేలా ఉండాది. చెప్తే నన్ను చంపుతాడు. నువ్వు రా."

ఆదివారం నేనూ నా భార్యా బేరిగై చేరేసరికి వాకిట్లో వ్యాన్ సిద్ధంగా ఉంది. అరుగు మీద ఎళనీరు గెల, నలుగురైదుగురు చుట్టాలు. మావాడు మంచం మీద, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. చలాకీ పిల్లవాడు, నా మాటల ఆటలకు నాకంటే ముందు నవ్వేవాడు. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం నాకు తెలుసు.

"రాప్పా," అన్నాడు బావ, అందరికీ వినబడేలా. "చెప్పు వీనికి, ఆయప్ప మందు నీకెట్ల పనిచేసిందో."

"కాలింది," అన్నాను. "వేరే ఏమీ పని చేయలేదు. నాకు కామాలె లేదు బావా. ఆ పేరు పెట్టింది నువ్వు. వీనికీ లేదు. దీపం పెట్టి చూడండి, కండ్లు పాలలాగ ఉండాయి. వీనికుండేది నాకుండిన జబ్బే. డాక్టరు కావల్ల."

బావ ముఖం ఎర్రబడింది.

"నా ఇంటికొచ్చి, నా వాకిట్లో, నా కొడుకును పిచ్చోడంటావా?"

"పిచ్చి అనే మాట తెచ్చింది నువ్వు. అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే. ఆ మాట నీ నోట్లోనే ఉండాది, వాని తలకాయలో లేదు."

ఒక పెద్దాయన దగ్గి, "వయసు పిల్లోడు, పెండ్లి చేస్తే అంతా సరిపోతాదిలే," అన్నాడు. నా భార్య ఆయనవైపు తిరిగి, "మీ ఆవుకు జ్వరమొస్తే సంతకు తోలుకొని పోతారా మామా?" అంది. ఆయన మళ్లీ దగ్గలేదు.

"ఎక్కండి," అన్నాడు బావ. "మాట్లాడేదుంటే ఆడ మాట్లాడుదాము. టైమవుతాండాది."

వాణ్ణి ఒంటరిగా పంపలేక మేమూ ఎక్కాం. బావ డ్రైవరు పక్కన. వెనక అక్క, నా భార్య. మధ్య సీట్లో నేనూ మావాడూ. వ్యాన్ ఊరు దాటింది. తర్వాత వాడు కిటికీవైపు చూస్తూనే, నాకు మాత్రం వినబడేలా అడిగాడు.

"వాత పెడితే తగ్గుతాదా మామా?"

"ఏది?"

"ఇది."

"తగ్గదు."

"మాత్రలకు అలవాటు పడిపోతారంట కదా. మొద్దు మాదిరి అయిపోతారంట."

"నేను మొద్దునే, అది పుట్టుకతో వచ్చింది. మాత్రలకు సంబంధం లేదు." వాడి పెదవి చివర కొంచెం కదిలింది. "కొన్ని దినాలు మబ్బుగా ఉంటాదిరా, అబద్ధం చెప్పను. ఒకటి పడకుంటే ఇంకొకటి మారుస్తారు. తొందరగా తగ్గదు. తగ్గుతాది."

"నేను సోమరోణ్ణి కాదు మామా."

"తెలుసు."

వాడి మోకాలి మీద చెయ్యి వేశాను.

సూళగిరి దాటాక హైవే నుంచి పసరాయన పల్లెకు ఎడమచేతి వైపు మట్టిదారి చీలుతుంది. నేరుగా పోతే కృష్ణగిరి. డ్రైవరు వ్యాన్ నెమ్మది చేసి సిగ్నల్ వేశాడు. అది టిక్కు టిక్కుమంటోంది. నేను నోరు తెరవబోయాను. నా భార్య వెనక నుంచి నా భుజం నొక్కింది.

"నేరుగా పోన్నా," అన్నాడు మావాడు.

డ్రైవరు బావవైపు చూశాడు. బావ వెనక్కి తిరిగాడు. "ఏమిరా?"

"నేరుగా పోనీ నాయనా. నాకు కామాలె లేదు." మాట సన్నగా వచ్చింది. మళ్లీ అన్నాడు, "లేదు."

అక్క ముందుకు వంగి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. "నేరుగా పోప్పా," అంది డ్రైవరుతో.

బావ తలుపు తీసుకుని దిగిపోయాడు. "ఆయప్పకు వస్తామని చెప్పినాను. ఆయనకన్నా ముఖం చూపించి వస్తాను," అన్నాడు. రోడ్డు పక్కన నిలబడి చొక్కా సర్దుకున్నాడు. పసరాయనకు ఏమి చెప్పుకోవాలో కూర్చుకుంటున్నాడు అనుకుంటాను. నాకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. కన్నకొడుకును వదిలేసి తన అబద్ధానికి తోడుపోతున్నవాడి మీద జాలి పడేంత మంచితనం నాకు ఏ మాత్రా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మావాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. మేం ముగ్గురం బయట బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి అక్క ఫోన్ మోగింది. బావ గొంతు నాదాకా వినబడింది.

"ఏమన్నారు? ఈడ అందురూ అడుగుతాండారు. ఏమని చెప్పేది?"

అక్క డాక్టరమ్మ గది తలుపువైపు చూసింది.

"జబ్బని చెప్పు," అంది.

"ఏమి జబ్బు?"

"మనసుకు."

"ఒసే, గట్టిగా మాట్లాడాకు. పక్కన జనముండారు."

"ఈడా ఉండారు," అంది అక్క, ఇంకా గట్టిగా. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఆమెవైపు చూశారు. ఒకామె కొంచెం జరిగి, అక్క సంచీ పెట్టుకోవడానికి చోటిచ్చింది.

మూసిన తలుపు వెనక మావాడి గొంతు వినబడుతోంది. మొదట ఒక్కో మాట, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. తర్వాత ఆగకుండా. ఏమంటున్నాడో తెలియదు. తెలుసుకోవడానికి మేం ప్రయత్నించలేదు.